ముందు కొలత, తరువాతే కోత
పాత బండ్లు – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఈ శీర్షికకు చేరిన ఉత్తరాలలో సగానికి పైగా ఒకే కోరికతో వచ్చాయి. ఇంట్లో పాత మోటార్ సైకిలు ఉంది, దానిని కెఫే రేసర్‌గా, అంటే దించిన హ్యాండిల్, పొట్టి సీటుతో పాత కాలపు పందెపు బండి రూపంలోకి మార్చాలని ఉంది, ఎలా మొదలుపెట్టాలి అన్నదే వాటి సారాంశం. వాటిలో ఆరింటిని ఎంచుకున్నాను. తెనాలి ఉత్తరానికి మిగతావాటి కంటే చాలా ఎక్కువ చోటు పట్టింది. తక్కిన పాఠకులు కూడా దానిని ముందుగా చదివితే తమ సందేహాలలో కొన్ని అక్కడే తీరిపోవచ్చు.

ప్రశ్న: మా నాన్నగారు 1987లో కొన్న బుల్లెట్ 350, ఆయన పోయిన నాటి నుంచి ఆరేళ్లుగా పెరట్లో పాక కింద టార్పాలిన్ కప్పుకొని ఉంది. దానిని కెఫే రేసర్‌గా మార్చుకొని తిరగాలని నా కోరిక. ఆయన గుర్తుగా ఉన్న బండిని పాడు చేయవద్దని మా అమ్మ పట్టు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్‌ను అడిగితే, వెనుక ఫ్రేము కోసి గుండ్రటి గొట్టం వెల్డింగ్ చేసి, కొత్త సీటు, కొత్త హ్యాండిల్ వేసి పది రోజుల్లో ఇస్తానన్నాడు. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఇప్పుడే ఒప్పుకోకండి. ఆ మెకానిక్ పనిమంతుడే కావచ్చు గానీ, ఆయన చెప్పిన వరుసలో చివర రావలసిన పని మొదటికి వచ్చింది. అమ్మగారి మాటలోనూ న్యాయం ఉంది. ఆమె మాట, మీ కోరిక రెండూ నిలబడే దారి ఒకటి ఉన్నదని, అది ఖర్చులో కూడా తక్కువేనని చెప్పడానికే ఇంత వివరంగా రాస్తున్నాను.

టార్పాలిన్ తీయడానికి ముందు బీరువాలోని ఆర్‌సీ తీసి చూడండి. సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లకు ఇస్తారు, ఆ తరువాత అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. అంటే మీ బండికి మొదటి గడువు 2002లోనే తీరింది. ఆ తరువాత నాన్నగారు ఎప్పటి వరకు పొడిగించారో చూసుకోండి. యజమాని మరణించినప్పుడు బండిని వారసుల పేరు మీదికి మార్చుకోవడానికి ఫారం 31, గడువు పొడిగింపుకు ఫారం 25 దాఖలు చేయాలి. పొడిగింపు సమయంలో అధికారి బండిని స్వయంగా తనిఖీ చేస్తారు కనుక, ఆనాటికి అది కంపెనీ నుంచి వచ్చిన రూపంలోనే ఉండడం మీకు అన్ని విధాలా మంచిది. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు తుప్పు కింద చదవడానికి వీలుగా ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూడండి. ఇసుక కాగితంతో గీకి రుద్దవద్దు, కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడవండి.

తరువాతిది ఇంజిన్. ఆరేళ్లు కదలకుండా ఉన్న బుల్లెట్‌ను బయటికి తెచ్చిన ఉత్సాహంలో వెంటనే కిక్ కొట్టడం చాలామంది చేసే పొరపాటు. ఈ ఇంజిన్‌లో ఆయిల్ క్రాంకు కింద, అంటే పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు కింద, నిలవ ఉండదు. క్రాంకు గదికి వెనుక, అదే పోతలో ఉన్న మరో గదిలో ఉంటుంది. అక్కడి నుంచి ఒక పంపు దానిని లోపలికి పంపితే, ఇంకొక పంపు వాడిన ఆయిల్‌ను తోడి మళ్లీ ఆ గదికే చేరుస్తుంది. బండి ఏళ్ల తరబడి నిలిచిపోతే ఆయిల్ మెల్లగా పంపు సందుల్లోంచి జారి క్రాంకు గదిలో నిండుతుంది. కాబట్టి ముందు కింది బిరడా విప్పి అక్కడ చేరిన ఆయిల్‌ను పూర్తిగా వంచేయండి. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు డీకంప్రెసర్ (సిలిండరులోని ఒత్తిడిని వదిలే మీట) నొక్కి పట్టుకొని కిక్ రాడ్డును చేత్తోనే నెమ్మదిగా కిందికి దించండి. కదలకపోతే పిస్టన్ పట్టేసిందని అర్థం. అప్పుడు రాడ్డు మీద ఎక్కి నిలబడకుండా సిలిండరు విప్పించండి. విప్పాక బోరు (సిలిండరు లోపలి వెడల్పు) అరుగుదల, పిస్టన్ రింగులు, బిగ్ ఎండ్ బేరింగు వదులు, వాల్వ్ గైడ్లు, రాకర్ బుష్‌లు అన్నీ ఒకేసారి చూపించుకోండి. లేత్ పనికి మీకు ఆటోనగర్ కంటే మంచి చోటు దగ్గరలో లేదు; బోరు కొలిచి, కొలత కాగితం మీద రాసి ఇచ్చే లేత్‌వాడి దగ్గరికే వెళ్లండి.

ఇక్కడ ఒక నిజం ముందే చెప్పడం మంచిది. మీ ఇంజిన్ బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 90 మిల్లీమీటర్లు, సామర్థ్యం 346 సీసీ, శక్తి 18 హార్స్ పవర్ దరిదాపుల్లో. బోరు కంటే స్ట్రోకు ఇంత పొడవుగా ఉన్న ఇంజిను తక్కువ వేగంలో బలంగా లాగుతుంది గానీ, పరుగు పందేనికి పనికి వచ్చేంత వేగంగా తిరగదు. హ్యాండిల్ దించి, సీటు మార్చినంత మాత్రాన గంటకు 160 కిలోమీటర్లు వెళ్లదు. ఈ ఇంజిన్‌కే ఎన్ని మార్పులు చేసినా అంత వేగం అందుకోక ముందే క్రాంకు లొంగిపోతుంది. కాబట్టి మీరు కోరవలసింది తేలికగా ఉండి, చప్పున ఆగి, మలుపులో నమ్మకంగా వాలే బండి. అది ఈ బుల్లెట్‌తో సాధ్యమే.

చప్పున ఆగడం అన్నాను కనుక బ్రేకుల గురించి. పాత స్టాండర్డ్ 350కి ముందు చక్రంలో ఉన్నది ఆరు అంగుళాల డ్రమ్ము. దానితోనే వేగంగా వెళ్లాలనుకోవడం సాహసం కాదు, తెలివితక్కువతనం. తరువాతి బుల్లెట్లలో వచ్చిన ఏడు అంగుళాల డ్రమ్ము, రెండు షూలూ ముందుకు ఒరుసుకొనే రకం, చక్రంతో సహా పాత విడిభాగాల దుకాణాలలో దొరుకుతుంది. అమర్చడం డిస్కు బ్రేకు అంత పెద్ద పని కాదు, పైగా పాత బండి మీద అది చూడముచ్చటగా ఉంటుంది. ఈ పనికి పెట్టే డబ్బు ఎవరి కంటికీ కనిపించదు. టైర్లు, స్పోకులు, చక్రాల బేరింగులు, ఫోర్కు సీళ్లు, స్టీరింగు బేరింగులు, షాకబ్జర్లు, కొత్త వైరింగు కూడా అంతే. నా లెక్కలో, పెట్టదలచిన మొత్తంలో సగానికి పైగా ఇలా కంటికి ఆనని వాటికే పోవాలి. పోకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే.

ఇక రూపం. బుల్లెట్‌ను కెఫే రేసర్‌గా మార్చేవారు మొదట తగులుకొనే చిక్కు హ్యాండిల్ దగ్గరే ఉంది. మీ బండిలో హెడ్‌లైటు, స్పీడోమీటరు, ఆంపియర్ మీటరు, రెండు చిన్న పైలట్ దీపాలు అన్నీ ఒకే పెద్ద లోహపు డొప్పలో కూర్చుని ఉంటాయి. అది అలంకారం కోసం పెట్టిన మూత కాదు. ఫోర్కు గొట్టాల పై కొనలు నేరుగా దానిలోకే బిగుస్తాయి. మామూలు బండ్లలో పై టీ, అంటే రెండు ఫోర్కు గొట్టాలను పైన కలిపి పట్టే పలక, చేసే పనిని ఇక్కడ ఆ డొప్పే చేస్తుంది. దానిని తీసివేయాలంటే బదులుగా గట్టి టీ ఒకటి కచ్చితమైన కొలతలతో చేయించాలి, లేదా వేరే బుల్లెట్ మోడల్ ఫోర్కు మొత్తం తెచ్చి అమర్చాలి. ఫోర్కుకు విడివిడిగా బిగించే క్లిప్ ఆన్ హ్యాండిళ్ల కోసం ఇంత చేయడం అవసరమా అన్నది నా సందేహం. మొదట ఉన్న బిగింపులోనే కూర్చునే, కిందికి వంగిన ఒంటి గొట్టపు హ్యాండిల్ ప్రయత్నించండి. ఆ డొప్పను ఉంచండి. కిక్ కొట్టే ముందు ఆంపియర్ మీటరు ముల్లు చూసి పిస్టన్ చోటు పట్టుకోవడం నాన్నగారు మీకు నేర్పే ఉంటారు. ఆ ముల్లు లేని బుల్లెట్ నాకు కొంచెం పరాయిగా కనిపిస్తుంది.

కాలు పెట్టే మెట్లను వెనక్కి జరపడం రెండవ చిక్కు. మీ బండికి గేరు కుడి వైపు, బ్రేకు ఎడమ వైపు. కిక్ రాడ్డు కూడా కుడి వైపే ఉండడం వల్ల, వెనక్కి జరిపిన మెట్టు దాని దారిలోకి వస్తుంది; మడత పడే మెట్టు వేస్తేనే కిక్ కొట్టగలుగుతారు. గేరు రాడ్డును దాని ఇరుసు మీదే వెనక్కి తిప్పి బిగిస్తే తేలికగా పని అయినట్టు కనిపిస్తుంది గానీ, గేర్ల వరుస తలకిందులవుతుంది. ఒకటి పైకి, మిగతా మూడు కిందికి అని అలవాటైన కాలు, తొందరలో పొరపాటు గేరు వేస్తుంది. వరుస మారకూడదంటే రాడ్డు ఇరుసు దగ్గర అలాగే ఉండి, మధ్యలో కడ్డీతో వెనుక మెట్టుకు కలిసే ఏర్పాటు చేయించండి.

ఇప్పుడు ఫ్రేము. ఇరవై ఏళ్ల కిందట నా సొంత బుల్లెట్‌కు వెనుక భాగం కోయించి, గుండ్రటి గొట్టం అతికించాను. వెల్డింగు అందంగానే వచ్చింది. కానీ వేడికి గొట్టాలు లోపలికి లాగి, రెండు షాకబ్జర్ల పై బిగింపులు ఒకదానికొకటి నాలుగు మిల్లీమీటర్లు తప్పాయి. బండి ఎప్పుడూ ఒక పక్కకు లాగేది. ఏడాది పాటు చక్రాన్ని, టైరును, ఫోర్కును తప్పు పట్టి, చివరకు ఫ్రేమును కొలిచినప్పుడు గానీ సంగతి తెలియలేదు. కోసిన ముక్కలు అప్పటికే పాత ఇనుము కింద పోయాయి. మీ బండికి ఆ అవసరమే లేదు. వెనుక మడ్‌గార్డును, దానిని పట్టి ఉంచే పట్టీలను బోల్టులు విప్పి తీయవచ్చు. ఫ్రేములో ఉన్న బిగింపు రంధ్రాలకే కూర్చునేలా ఇద్దరు కూర్చునే పొడవుతోనే రేకుతో సీటు అడుగు చేయించి, వెనుక సగం మీద తీసి పెట్టగల చిన్న బుడిపె మూత పెట్టించుకోండి. ట్యాంకు అడుగు అంచు, సీటు అడుగు అంచు ఒకే గీతలో నడిస్తే చాలు, చూసేవారి కంటికి అది కెఫే రేసరే. సైకిలు చక్రానికి వేసేటంత పొట్టి మడ్‌గార్డు అయినా సరే వెనుక ఒకటి ఉంచండి. వర్షంలో మీ వీపు నాకు కృతజ్ఞతలు చెప్పుకుంటుంది.

తీసిన ప్రతి వస్తువును గ్రీజు పూసి, చీటీ కట్టి, ఒక చెక్క పెట్టెలో పెట్టి అమ్మగారికి అప్పగించండి. ఒక ఆదివారం కూర్చుంటే బండి మళ్లీ నాన్నగారి బండి కాగలగాలి. ఈ షరతును ఆటోనగర్ మెకానిక్‌కు మొదటి రోజే చెప్పండి. పది రోజులు కాదు, నాలుగు నెలలు పడుతుంది.

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. ఒక పాత బండ్ల ప్రదర్శనలో ‘ట్రైటన్’ అనే కెఫే రేసర్‌ను చూశాను. ఈ కంపెనీ పేరు ఎప్పుడూ వినలేదు. అసలు బండికి కెఫే పేరు ఎందుకు వచ్చింది?
– ఒక పాఠకుడు, లెస్టర్, ఇంగ్లండ్

జవాబు: ట్రైటన్ పేరుతో కంపెనీ ఏదీ లేదు. ట్రయంఫ్ ఇంజిన్‌ను నార్టన్ ఫ్రేములో కూర్చోబెట్టి, రెండు పేర్లను కలిపి పెట్టుకున్న పేరది. నార్టన్ వాళ్ల ‘ఫెదర్‌బెడ్’ ఫ్రేము, బెల్‌ఫాస్ట్‌కు చెందిన రెక్స్ మెకాండ్‌లెస్ రూపకల్పన, 1950లో రేసు బండ్లతో వెలుగులోకి వచ్చింది. మలుపులలో దానికి సాటి లేదని అప్పటి కుర్రవాళ్ల నమ్మకం. ట్రయంఫ్ జంట సిలిండర్ల ఇంజిను మంచి శక్తి గలది, విడిభాగాలు సులువుగా దొరికేది. రెండింటినీ ఎవరికి వారు ఇంటి వెనుక షెడ్లలో కలిపారు. కాబట్టి మీరు చూసిన ట్రైటన్‌ను పోలిన రెండవ ట్రైటన్ ఉండకపోవచ్చు.

పేరు సంగతికి వస్తే, మీకు రెండు గంటల ప్రయాణంలోనే, లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద ఏస్ కెఫే ఉంది. 1938లో లారీ డ్రైవర్ల కోసం మొదలై, యుద్ధంలో బాంబు దాడికి దెబ్బతిని, 1949లో మళ్లీ కట్టిన ఆ హోటలు రాత్రంతా తెరిచి ఉండేది. 1950లు, 60లలో తోలు కోట్ల కుర్రవాళ్లు అక్కడ చేరి, ఒక కెఫే నుంచి మరో కెఫేకు పందెం వేసుకునేవారు. గంటకు 100 మైళ్లు, అంటే మన లెక్కలో 161 కిలోమీటర్లు దాటడమే వారి లక్ష్యం. కెఫేల మధ్య పరుగులు తీసేవాళ్లని వేళాకోళంగా అన్న మాటే తరువాత బండికి బిరుదైంది. 1969లో మూతపడిన ఏస్ కెఫే 2001లో తిరిగి తెరుచుకుంది. ఒక ఆదివారం వెళ్లి రండి.

మన బుల్లెట్‌కూ ఈ కథతో చుట్టరికం ఉంది. ఇంగ్లండ్ రెడిచ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ 1964లో కాంటినెంటల్ జీటీ 250ని, కుర్రవాళ్లు తమకు తామే చేసుకుంటున్న మార్పులన్నీ ఫ్యాక్టరీలోనే చేసి విడుదల చేసింది. అదే పేరును, మన బుల్లెట్‌ను తయారుచేసే మద్రాసు రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 2013లో 535 సీసీ బండికి, 2018లో రెండు సిలిండర్ల 650కి మళ్లీ వాడుకుంది.

ప్రశ్న: నా దగ్గర 1994 యమహా ఆర్‌ఎక్స్ 100 ఉంది. కెఫే రేసర్‌గా మారుస్తూ, సైలెన్సర్‌ను సగానికి కోయించి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి చిన్న పాడ్ ఫిల్టర్ పెడితే వేగం పెరుగుతుందని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చప్పుడు పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. టూ స్ట్రోక్ ఇంజిన్‌కు సైలెన్సర్ అన్నది పొగ పోయే గొట్టం మాత్రమే కాదు; ఒక విధంగా అది ఇంజిన్‌లో భాగమే. ఈ ఇంజిన్‌లో పొగ పోయే ద్వారాన్ని తెరిచి మూసే వాల్వు లేదు. కాలిన పొగ బయటికి పోయే ద్వారం తెరిచి ఉండగానే కొత్త పెట్రోలు మిశ్రమం లోపలికి వస్తుంది, దానిలో కొంత పొగతో పాటే బయటికి జారుకుంటుంది. బయటికి వెళ్లిన పీడన తరంగం, గొట్టం మెల్లగా వెడల్పయ్యే చోట వెనక్కి పీల్చుతూ మిగిలిన పొగను లాగుతుంది. మళ్లీ సన్నబడే చోట తగిలి వెనుదిరిగి, జారిపోతున్న మిశ్రమాన్ని సిలిండరులోకి తోస్తుంది. ఆ రాకపోకల సమయం గొట్టం పొడవు మీద, ఆకారం మీద ఆధారపడి ఉంటుంది. 98 సీసీల ఇంజిన్ నుంచి యమహా ఇంజినీర్లు 11 హార్స్ పవర్ రాబట్టింది ఆ లెక్కతోనే. సగానికి కోస్తే ఆ లెక్క మొత్తం పోతుంది.

ఫిల్టర్ డబ్బా తీయడం ఇంకా ప్రమాదం. గాలి ఎక్కువై, దానికి తగ్గ పెట్రోలు రాకపోతే మిశ్రమం పలుచబడి, పిస్టన్ విపరీతంగా వేడెక్కి, నిండు వేగంలో ఉండగా పట్టేస్తుంది. వెనుక చక్రం ఒక్కసారిగా బిగుసుకుంటుంది. పాడ్ ఫిల్టర్ పెట్టే తీరాలనుకుంటే కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే మెయిన్ జెట్ పెద్దది వేసి, కొంత దూరం నిండుగా నడిపి, ఇంజిన్ ఆపి, ప్లగ్గు రంగు చూసుకుంటూ జెట్ సైజును కొంచెం కొంచెంగా తగ్గించాలి. బిస్కెట్ రంగు వస్తే సరి. తెల్లబారితే వెంటనే ఆపేయండి. అయితే మీ బండి తయారీ 1996లోనే ఆగింది, కంపెనీ రూపంలో ఉన్న ఆర్‌ఎక్స్ 100ల కోసం ఇప్పుడు మనుషులు వెతుకుతూ తిరుగుతున్నారు. నన్నడిగితే, దానికి మంచి టైర్లు, కొత్త బ్రేక్ షూలు వేయించి, తక్కినవి ముట్టుకోవద్దంటాను.

ప్రశ్న: నేను యెజ్డీ రోడ్‌కింగ్ నడుపుతాను. క్లిప్ ఆన్ హ్యాండిళ్లు పెట్టించాక, ఇంటి నుంచి ఆఫీసుకు పన్నెండు కిలోమీటర్లు వెళ్లేసరికి మణికట్లు, మెడ నొప్పి పుడుతున్నాయి. మెట్లు కూడా వెనక్కి జరిపిస్తే సరిపోతుందని మెకానిక్ అన్నాడు. ఆడవాళ్లు నడిపే బండి కాదులెమ్మని కూడా ఒక మాట అన్నాడు.
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: ఆ రెండవ మాటను ఆయన దగ్గరే వదిలేయండి అమ్మా, అదే హ్యాండిల్‌తో అదే దారిలో వెళితే ఆయన మణికట్లూ నొప్పెడతాయి. కారణం మీలో లేదు, మీ దారిలో ఉంది. ముందుకు వంగి కూర్చునే ఈ భంగిమ గాలికి ఎదురుగా గంటకు నూరు కిలోమీటర్లకు పైగా వెళ్లేవారి కోసం పుట్టింది. ఆ వేగంలో ఛాతీకి తగిలే గాలి పై దేహపు బరువును కొంత మోస్తుంది. అమీర్‌పేట కూడలిలో ఇరవైతో పాకుతున్నప్పుడు ఆ గాలి ఉండదు, బరువంతా అరచేతుల మీదికే వస్తుంది. పైగా నిమిషానికి రెండుసార్లు క్లచ్చు నొక్కాలి.

మెట్లు వెనక్కి జరిపితే నడుముకు కొంత మేలే గానీ, మీ బండి విషయంలో అది చెప్పినంత సులువు కాదు. యెజ్డీలో కిక్ రాడ్డు, గేరు రాడ్డు ఒక్కటే. ఎడమ వైపు ఉన్న ఆ ఒక్క రాడ్డును లోపలికి నొక్కి పైకి లేపితే కిక్, ముందుకు వాల్చితే గేరు. దానికి కడ్డీ కలిపి వెనుక మెట్టుకు లాగితే గేరు పడుతుంది, కిక్ కొట్టడం మాత్రం ప్రతి ఉదయం ఒక యుద్ధమవుతుంది. నా సలహా, క్లిప్ ఆన్‌లు విప్పి పక్కన పెట్టి, పాత బిగింపులోనే కూర్చునే, కంపెనీ హ్యాండిల్ కంటే నాలుగు వేళ్లు మాత్రమే కిందికి ఉన్న సమమైన హ్యాండిల్ వేయించండి. బండిని మెయిన్ స్టాండు మీద నిలిపి, ఎక్కి కూర్చుని, నడిపేటట్టే వంగి, రెండు చేతులూ ఒక్క నిమిషం గాలిలోకి లేపి చూడండి. నడుము, తొడలు ఆ నిమిషం పాటు మిమ్మల్ని నిలపగలిగితే ఆ ఎత్తు మీకు సరిపోయినట్టే. నిలపలేకపోతే హ్యాండిల్‌ను మరో అంగుళం ఎత్తండి. హ్యాండిల్ మార్చిన ప్రతిసారీ ఎడమ చివరికి, కుడి చివరికి తిప్పి, క్లచ్చు వైరు, ఎక్సలేటరు వైరు బిగుసుకోవడం లేదని చూసుకోవడం మరవకండి.

ప్రశ్న: మార్పులు చేసిన బండ్లను పట్టుకుంటున్నారని వింటున్నాం. చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది? యాభై ఏళ్లు దాటిన బండ్లకు ఇచ్చే వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకుంటే ఈ బాధ తప్పుతుందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన, ఆర్‌సీలో నమోదైన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఈ సెక్షన్‌ను ఇదే అర్థంలో నిలబెట్టింది. అదే ఏడాది చట్టానికి చేర్చిన సెక్షన్ 182ఎ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు. ఒక్కో మార్పుకు అన్న మాటను గమనించండి.

దీనిని కెఫే రేసర్‌కు అన్వయించుకుంటే, ఫ్రేము కోయడం, వేరే ఇంజిన్ వేయడం సూటిగా దెబ్బతినే పనులు. ఒంటి సీటు కూడా చిక్కే, ఎందుకంటే ఆర్‌సీలో ఇద్దరు కూర్చునే బండి అని ఉంటుంది. వెనుక కూర్చునేవారికి చేతి పట్టు, కాలి మెట్లు, చీర చక్రంలో పడకుండా సగం చక్రాన్ని కప్పే గార్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 123వది చెబుతుంది. కెఫే రేసర్ చేసేవారు మొదట పారేసేవి సరిగ్గా ఇవే. అందుకే నేను జంట సీటును ఉంచి, వెనుక సగం మీద తీసి పెట్టగల బుడిపె మూత అమర్చమంటాను. రంగు కూడా ఆర్‌సీలో రాసి ఉండే వివరమే కనుక మార్చితే రవాణా కార్యాలయంలో నమోదు చేయించండి. హై సెక్యూరిటీ నంబరు ప్లేటు ఒకసారి బిగించాక విప్పడానికి వీలు లేని తాళంతో వస్తుంది, దానిని చక్రం పక్కకో సీటు కిందికో జరపాలన్న ఆలోచన మానుకోండి. సైలెన్సర్ విషయంలో పోలీసులు మరీ కఠినంగా ఉన్నారు, తప్పు పట్టలేను. శబ్ద కాలుష్యానికి సెక్షన్ 190 కింద జరిమానా పదివేల వరకు ఉంది, లైసెన్సు కూడా మూడు నెలలు ఆగుతుంది. బీమా కంపెనీకి తెలపని మార్పు ఉంటే, ప్రమాదం జరిగినప్పుడు వారు పరిహారం నిరాకరించడానికి అదే కారణమవుతుంది.

వింటేజ్ రిజిస్ట్రేషన్ మీకు పనికిరాదు. 2021లో వచ్చిన ఆ నిబంధన యాభై ఏళ్లు దాటడంతో పాటు, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండ్లకే వర్తిస్తుంది. పైగా ఆ బండ్లను రోజువారీగా రోడ్డు మీద తిప్పడానికి వీలు లేదు.

ప్రశ్న: పొడవాటి ఫైబర్ గ్లాస్ ట్యాంకు ఒకటి చౌకగా దొరికింది. బరువు చాలా తక్కువ. వేయించవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వద్దు. పైన చెప్పిన 1960ల కాంటినెంటల్ జీటీకి కూడా ఫైబర్ గ్లాస్ ట్యాంకే ఉండేది, కానీ ఆనాటి పెట్రోలు వేరు. ఇప్పుడు మన బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. మామూలు పాలిఎస్టర్ రెసిన్‌ను ఇథనాల్ మెత్తబరుస్తుంది. ట్యాంకు ఉబ్బి, బిగింపులు కలవకుండా పోతాయి, కరిగిన రెసిన్ జిగురుగా కార్బొరేటర్ జెట్లలో, ఇంజిన్ వాల్వుల మీద పేరుకుంటుంది. ప్రమాదంలో పగిలితే సంగతి చెప్పనక్కరలేదు.

రేకు ట్యాంకే చేయించండి, లేదా పాత ట్యాంకుకు మోకాళ్లు ఆనే చోట టింకరింగ్ చేయించి గుంటలు తీయించండి. అయితే ఒకసారి పెట్రోలు పోసి వాడిన ట్యాంకును, ఎన్నాళ్ల కిందట ఖాళీ చేసినా సరే, నేరుగా వెల్డింగుకు ఇవ్వకండి. అడుగున మిగిలిన ఆవిరే పేలుతుంది. సబ్బు నీళ్లతో మూడు నాలుగుసార్లు కడిగించి, వెల్డింగు చేసే చోటు మాత్రమే బయట ఉండేలా నీళ్లతో నింపించి, మూత తీసి ఉంచి అప్పుడు పని చేయించండి. పూర్తయ్యాక నీళ్లు వంచేసి, లోపలి తడి ఆరిన వెంటనే కాస్త టూ స్ట్రోక్ ఆయిల్ పోసి అన్ని వైపులా తిప్పండి, లేకపోతే వారంలో తుప్పు మొదలవుతుంది.